ఐదేళ్ళ ఓపిక: రోబో పరిశోధన దాకా మన పిల్లల దారి

(ఒంగోలులో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ సమావేశంలో రోబో పరిశోధన గురించి మాట్లాడమని మమ్మల్ని కోరినప్పుడు మొదట మేమే సందేహించాము. పదవ తరగతి పూర్తికాకముందే పిల్లలు మెకానిక్ షెడ్డుకు వెళ్ళిపోయే పేటలు మనవి. ఇంటర్ ఫలితాలు వచ్చీరాకముందే ఆడపిల్ల పెళ్ళి మాటలు మొదలయ్యే ఇళ్ళు మనవి. ఇటువంటి చోట రోబోల ప్రసక్తి తేవడం ఆకలితో ఉన్నవాడికి అత్తరు పూసినట్లు ఉంటుందేమోనని అనుకున్నాము. ఆ సందేహాన్ని తీర్చినది ఒక తండ్రి వేసిన ప్రశ్న.

ఆయన వెల్డింగ్ పని చేస్తారు. కుమారుడు ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. చదువు పూర్తికాగానే ఉద్యోగంలో చేరకుండా రోబోల మీద పరిశోధన చేస్తానని ఇంట్లో చెప్పాడు. తండ్రి కోప్పడలేదు. మా దగ్గరికి వచ్చి, "చదువు వద్దని నేనెట్లా అంటానండీ? వాడి చెల్లెలి నికాహ్ ఉంది, నా కళ్ళు వెల్డింగ్ వెలుగుకు పాడైపోతున్నాయి. ఇంకో ఐదేళ్ళు ఈ ఇల్లు ఎట్లా నడవాలో కూడా మీరే చెప్పండి" అన్నారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఎన్ని గొప్పవారి కథలు చెప్పినా అవి చప్పట్లకే పనికివస్తాయి. కనుక ఈ ప్రసంగమంతా ఆ తండ్రికి చెప్పదలచిన జవాబే అనుకొని వినవలసిందిగా కోరుతున్నాము.

మిరప చేను చెప్పే పాఠం

'రోబో' అనే మాట ప్రయోగశాలలో పుట్టలేదు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన ఒక నాటకం ద్వారా అది లోకానికి తెలిసింది. చెక్ భాషలో 'రొబోట' అంటే వెట్టిచాకిరి. మనుషులతో చేయించుకునే వెట్టిని యంత్రంతో చేయించుకోవాలన్న ఊహలోంచి వచ్చిన మాట అది. వెట్టి అంటే ఏమిటో ఈ జిల్లాలో ఎవరికీ వివరించి చెప్పనవసరం లేదు.

సినిమాల్లో చూపించినట్లు రోబో అంటే మనిషి ఆకారంలో నడిచే ఇనుప బొమ్మే కానక్కరలేదు. చుట్టూ ఉన్నదాన్ని గ్రహించడం, ఏం చేయాలో నిర్ణయించుకోవడం, ఆ నిర్ణయం ప్రకారం కదలడం అనే మూడు పనులూ చేయగలిగిన యంత్రమేదైనా రోబోయే. చెప్పినంత తేలికగా చేయగలిగితే పరిశోధన అవసరమే ఉండేది కాదు. అది ఎంత కష్టమో తెలుసుకోవడానికి అమెరికా వెళ్ళనవసరం లేదు. మన మిరప చేలోకి వెళితే చాలు.

ఒకే మొక్క మీద పండిన కాయ, పచ్చికాయ, పిందె, పూత పక్కపక్కనే ఉంటాయి. కోతకు వెళ్ళిన ఆడకూలీ ఆకుల చాటున ఉన్న పండుకాయను కనిపెడుతుంది. కొమ్మ విరగకుండా, పూత రాలకుండా, తొడిమ ఊడకుండా దాన్ని తెంపుతుంది. గాలికి కొమ్మ ఊగుతున్నా ఆమె చెయ్యి తప్పదు. ఆమెను అడిగితే 'ఇందులో ఏముంది' అంటుంది. అదే పనిని యంత్రానికి నేర్పవలసి వస్తే ఒక్కొక్క అడుగూ ఒక్కొక్క శాస్త్రమవుతుంది. పండుకాయను గుర్తించడానికి కెమెరా బొమ్మలను విశ్లేషించే విద్య కావాలి. అది ఎంత దూరంలో ఉందో తెలియడానికి జ్యామితి కావాలి. యంత్రపు చేతి కీళ్ళు ఏ కోణంలో తిరిగితే వేళ్ళు కాయను అందుకుంటాయో లెక్కగట్టాలి. కాయను ఎంత బలంతో పట్టుకోవాలో తెలియాలి. కెమెరా చూసినదానిలో, చక్రం తిరిగినదానిలో ఎప్పుడూ కొంత పొరపాటు ఉంటుంది కనుక, ఆ పొరపాటును అంచనా వేయడానికి సంభావ్యతా గణితం కావాలి.

పత్తి సంగతీ అంతే. అమెరికాలో పత్తి తీసే యంత్రాలు ఏనాటి నుంచో ఉన్నాయి. అక్కడ ఆకు రాలిపోయేందుకు మందు చల్లి, పెద్ద పెద్ద పొలాలలో యంత్రాన్ని నడుపుతారు. మన చేలు చిన్నవి. కాయలు విడతలు విడతలుగా పగులుతాయి. కూలీలు రెండు మూడు సార్లు తిరిగి తీయవలసి ఉంటుంది. అక్కడి యంత్రం ఇక్కడికి అట్లాగే సరిపోదు. ఇక్కడి పొలానికి తగినదాన్ని ఇక్కడి పొలం తెలిసినవారే కనిపెట్టాలి. రోబో పరిశోధనలో మన పిల్లలకు చోటున్నదని మేము అనడానికి మొదటి కారణం ఇదే. చేను, షెడ్డు, లేత్ మిషన్ చూస్తూ పెరిగిన పిల్లవాడికి తెలిసినది నగరపు పిల్లవాడు పుస్తకం చదివి నేర్చుకోవలసి వస్తుంది.

యంత్రం వచ్చినప్పుడు మనం ఎక్కడున్నాము?

పత్తి మాట వచ్చింది కనుక మన సమాజంలోని ఒక జ్ఞాపకాన్ని ఇక్కడ తలుచుకోవాలి. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల పేరులోనే వారి వృత్తి ఉంది. భుజాన విల్లు వేసుకొని ఊరూరా తిరిగి, దూది ఏకి, పరుపులు, దిండ్లు కుట్టి బతికిన కుటుంబాలవి. దూది ఏకే యంత్రం వచ్చింది. ఆ తర్వాత స్పాంజి పరుపులు వచ్చాయి. విల్లు అటకెక్కింది. ఆ యంత్రాన్ని తయారుచేసినవారిలో దూదేకులవారు లేరు. దాని రూపకల్పనలో వారి అనుభవాన్ని ఎవరూ అడగలేదు. యంత్రం వచ్చిన రోజున వారికి మిగిలినది కొత్త కూలి వెతుక్కోవడం ఒక్కటే.

రేపు మిరప కోతకు, పత్తి తీతకు, గ్రానైట్ కోతకు కొత్త యంత్రాలు వస్తాయి. మనం వద్దన్నంత మాత్రాన అవి ఆగవు. ఆ కోతలకు వెళ్ళే ఆడకూలీలలో మన పేటల తల్లులూ ఉన్నారు. యంత్రం వారి కూలిని తింటుందా, లేక వారి నడుం నొప్పిని తీరుస్తుందా అన్నది దాన్ని తయారుచేసేవారు ఏ ప్రశ్నతో మొదలుపెట్టారన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. కూలీల సంఖ్య ఎట్లా తగ్గించాలన్నది ఒక ప్రశ్న. కూలీ మోసే బరువు ఎట్లా తగ్గించాలన్నది మరొక ప్రశ్న. రెండవ ప్రశ్న అడిగేవారు పరిశోధనశాల లోపల ఉండాలి. గేటు బయట నిలబడి అడిగితే అది వినతిపత్రమవుతుంది.

రెండు ఉదాహరణలు చెబుతాము. అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో 1979లో ప్రమాదం జరిగింది. రేడియేషన్ నిండిన నేలమాళిగలోకి మనిషిని పంపడానికి వీల్లేకపోయింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చక్రాల మీద నడిచే రోబోలను తయారుచేసి లోపలికి పంపారు. రెండవది మన దేశానిదే. మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగకుండా శుభ్రం చేయడానికి కేరళలో కొందరు ఇంజనీరింగ్ యువకులు 'బాండికూట్' అనే యంత్రాన్ని తయారుచేశారు. 2018లో అది తిరువనంతపురంలో పనిలోకి దిగింది. పాకీ పనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. అయినా మనుషులు మురికి గోతుల్లో ఊపిరాడక చనిపోతూనే ఉన్నారు. మన సమాజంలోని మెహతర్లు తరతరాలుగా ఆ పని భారం మోసినవారు. చట్టం చేయలేని పనంతా యంత్రం చేస్తుందని మేము అనము. చట్టం అమలు కావాలంటే పోరాటమూ కావాలి, గోతిలోకి మనిషికి బదులుగా దింపవలసిన యంత్రమూ కావాలి.

కాటూరు నుంచి పిట్స్‌బర్గ్ దాకా

రోబో పరిశోధన చరిత్రలో ఒక తెలుగు గ్రామం పేరు చెరగకుండా ఉంది. అది చిత్తూరు జిల్లాలోని కాటూరు. ఇప్పటి తిరుపతి ప్రాంతం. దబ్బాల రాజగోపాల్ రెడ్డి 1937లో అక్కడ జన్మించారు. ప్రపంచానికి ఆయన రాజ్ రెడ్డిగా పరిచయం. తండ్రి రైతు. ఆ కుటుంబంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి వ్యక్తి ఆయనే. మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో 1958లో పట్టం పొందారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో 1960లో పై చదువు పూర్తి చేశారు. ఆ తర్వాత వెంటనే పరిశోధనలోకి వెళ్ళలేదు. మూడేళ్ళ పాటు అక్కడే ఐబీఎం సంస్థలో ఉద్యోగం చేశారు. అటు తర్వాతే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చేరి, జాన్ మెకార్తీ వద్ద పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ అందుకున్నారు.

ఆయన ఎంచుకున్న సమస్య యంత్రానికి మనిషి మాటను అర్థమయ్యేట్లు చేయడం. ఈనాడు ఫోనుతో మాట్లాడి పని చేయించుకుంటున్నాము గాని, ఆనాటికి అది సాధ్యమేనా అన్న సందేహం పండితులకే ఉండేది. 1969లో ఆయన కార్నెగీ మెలన్‌కు వెళ్ళారు. 1979లో అక్కడ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైనప్పుడు దాని వ్యవస్థాపక సంచాలకులు ఆయనే. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డును 1994లో ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. ఆసియా ఖండం నుంచి ఆ పురస్కారం పొందిన మొదటి వ్యక్తి ఆయన.

ఈ కథను ఇక్కడ చెప్పడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఆ పరిశోధకుడు తన పేరు అమెరికాలో నిలిచిన తర్వాత గ్రామాల పిల్లలను మరచిపోలేదు. 2008లో ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని ఆలోచన వెనుక ఆయన ఉన్నారు. తొలి ఛాన్సలర్‌గానూ వ్యవహరించారు. మనమంతా ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునేది దాన్నే. పదవ తరగతి మార్కుల మీద ప్రవేశం, ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి అదనపు పాయింట్లు, ఆరేళ్ళ చదువు అక్కడే హాస్టల్లో ఉండి పూర్తి చేసుకునే వీలు. ఇవి దాని లక్షణాలు. మొదట నూజివీడు, ఇడుపులపాయ, బాసర. ఆ తర్వాత 2016లో శ్రీకాకుళం, మన ఒంగోలు. అంటే కాటూరులో మొదలైన దారి పిట్స్‌బర్గ్ చుట్టివచ్చి మన ఊరి పొలిమేరకు చేరింది. దాన్ని మనం గమనించామా అన్నదే ప్రశ్న.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. రాజ్ రెడ్డి గారి సామాజిక నేపథ్యమూ మన పేటల పిల్లల నేపథ్యమూ ఒకటి కావు. సొంత ఇల్లు లేని కుటుంబానికి, పేరు చెప్పగానే అద్దె ఇల్లు దొరకని కుటుంబానికి ఆ దారిలో అదనపు ముళ్ళున్నాయి. ఆయన జీవితంలో మనం తీసుకోవలసినవి మూడు సంగతులు. మొదటిది, ఇంట్లో మొదటి చదువరి కావడం పరిశోధనకు అడ్డు కాదు. రెండవది, మధ్యలో మూడేళ్ళు ఉద్యోగం చేసినంత మాత్రాన పరిశోధన తలుపు మూసుకుపోదు. మూడవది, పెద్ద సమస్యను ఎంచుకున్నవాడు పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు దాన్ని విడిచిపెట్టకూడదు.

షెడ్డులో ఉన్న వారసత్వం

మన సభల్లో గతవైభవం చెప్పుకోవడం మామూలే. బాగ్దాదులో బనూ మూసా సోదరులు తొమ్మిదవ శతాబ్దంలోనే తమంత తాము నడిచే యంత్రాల గురించి గ్రంథం రాశారని, అల్ ఖ్వారిజ్మీ పేరు మీదనే 'అల్గారిథమ్' అనే మాట వచ్చిందని విన్నప్పుడు మనకు సంతోషంగా ఉంటుంది. సంతోషించడం తప్పు కాదు. ఆ పేర్లలో ఒకరి గురించి మాత్రం మరికొంత తెలుసుకోవాలి. ఆయన అల్ జజరీ. 1206లో ఆయన పూర్తి చేసిన గ్రంథంలో నీటి గడియారాలు, నీళ్ళు తోడే యంత్రాలు, తమంతట తామే కదిలే బొమ్మలు ఉన్నాయి. ఏ ముక్కను ఎంత కొలతతో చేయాలో, దేనికి ఏది ఎట్లా అతకాలో బొమ్మలు గీసి మరీ వివరించారు. ఆయన పని చేతులతో చేసిన మనిషి. కాగితం మీది సిద్ధాంతానికి ఎంత విలువ ఇచ్చారో, చేసి చూసిన అనుభవానికీ అంత విలువ ఇచ్చారు.

ఆ వారసత్వం మన గ్రంథాలయాల్లో లేకపోవచ్చు. మన షెడ్డుల్లో ఉంది. చెవితో విని ఇంజను జబ్బు చెప్పే మేస్త్రీ ఈ సభలోనే ఉన్నారు. దొరకని విడిభాగాన్ని లేత్ మీద తిప్పి తయారుచేసే భాయ్ ఉన్నారు. అయితే షెడ్డులోని విద్యకూ పరిశోధనశాలకూ మధ్య ఉన్న వంతెన గణితం. మన పిల్లలు ఎనిమిదవ తరగతిలో లెక్కలకు భయపడి ఆ వంతెన ఎక్కకుండానే వెనుదిరుగుతున్నారు. కనుక రోబో పరిశోధన దారిలో మొదటి మెట్టు లెక్కలే. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల లెక్కలు. వాటికోసం మసీదు కమిటీ గదిలోనో, షాదీఖానాలోనో సాయంత్రం రెండు గంటలు దీపం వెలిగిస్తే, పదేళ్ళ తర్వాత దాని ఫలితం తెలుస్తుంది.

దారిలోని మెట్లు

ఇప్పుడు విద్యార్థులతో మాట్లాడుతాము. ఇంజనీరింగ్‌లో మెకానికల్, ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్సులలో దేన్నుంచైనా రోబో పరిశోధనలోకి వెళ్ళవచ్చు. అయితే మెకానికల్ విద్యార్థి ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. కంప్యూటర్ విద్యార్థి బలం, వేగం, ఘర్షణల లెక్కలు నేర్చుకోవాలి. మాత్రికల గణితం, కలనగణితం, సంభావ్యత అందరికీ కావాలి.

రోబో కొనడానికి లక్షలు కావాలేమో అన్న భయం వద్దు. ప్రపంచమంతటా పరిశోధకులు వాడే 'రోబో ఆపరేటింగ్ సిస్టమ్' అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దానితో పాటు 'గెజిబో' అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కంప్యూటర్ తెర మీదనే రోబోను తయారుచేసి, నడిపి, గోడకు గుద్దించి, మళ్ళీ సరిచేసుకోవచ్చు. ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా వినవచ్చు. చివరి సంవత్సరం ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుక్కునే అలవాటు మన కాలేజీల్లో ఉందని మనందరికీ తెలుసు. పరిశోధన చేయాలనుకునే విద్యార్థి ఆ ఒక్క పని చేయకూడదు. సొంతంగా చేసిన చిన్న యంత్రం, అది ఎందుకు పనిచేయలేదో రాసుకున్న నోటు పుస్తకం, ఇంటర్వ్యూలో కొన్న ప్రాజెక్టు కంటే ఎక్కువ మాట్లాడుతాయి.

తర్వాతి మెట్టు గేట్ పరీక్ష. ఐఐఎస్సీ, ఐఐటీలు కలిసి నడిపే ఈ పరీక్ష స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. దానితో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం ఉంటుంది. మంచి ప్రతిభ చూపినవారిని బీటెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీలో తీసుకునే పద్ధతి కూడా ఐఐటీల్లో, ఐఐఎస్సీలో ఉంది. దూరం వెళ్ళనవసరం లేదు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో రోబో పరిశోధనకే ప్రత్యేక కేంద్రం ఉంది. ఐఐటీ హైదరాబాదులో డ్రైవరు లేకుండా నడిచే వాహనాల మీద పరిశోధన జరిపే 'తిహాన్' కేంద్రం ఉంది.

ఇక్కడ తల్లిదండ్రులు తప్పక గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. 2007 చట్టం ద్వారా వచ్చిన బీసీ-ఈ నాలుగు శాతం రిజర్వేషన్ మన రాష్ట్ర పరిధిలోనిది. 2010లో హైకోర్టు దాన్ని కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వల్ల అది కొనసాగుతోంది. ఈ నాలుగు శాతం వల్ల ఎందరో పిల్లలు ఇంజనీర్లు, వైద్యులు కాగలిగారు. అయితే ఐఐటీ వంటి కేంద్ర సంస్థల్లో చెల్లేది కేంద్ర ఓబీసీ జాబితా. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. దరఖాస్తుకు ముందే మీ కులం కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో చూసుకోవాలి. ఉంటే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం తీసుకోవాలి. లేకపోతే, కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపుండి మిగతా షరతులకు లోబడితే, 2019 నుంచి అమలులో ఉన్న పది శాతం ఈడబ్ల్యూఎస్ కోటాకు అర్హత ఉండవచ్చు. ఏ పత్రం తీసుకోవాలో తెలియక సీటు పోగొట్టుకోవడం కంటే బాధాకరమైనది లేదు. ఆ తప్పు పిల్లవాడిది కాదు. ముందుగా చెప్పవలసిన మనందరిదీ.

తలుపు ఎందుకు ఇరుకైంది?

సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికను ఈ పత్రిక పాఠకులు మరచిపోరు. దేశంలోని అగ్రశ్రేణి కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒక్కరు, పోస్టు గ్రాడ్యుయేట్ స్థాయిలో 50 మందికి ఒక్కరు మాత్రమే ముస్లింలని ఆ నివేదిక చెప్పింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. డిగ్రీ దాకా వచ్చినవారిలో కూడా సగం వాటా పై మెట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడ ఆపినది తెలివి తక్కువ కావడమైతే కింది మెట్టు కూడా ఎక్కేవారు కారు. ఆపినది ఇంటి అవసరం, సమాచారం లేకపోవడం, 'అక్కడ మనవాళ్ళెవరున్నారు' అన్న బెరుకు.

ఆ మెట్టు దగ్గర చెయ్యి అందించడానికే 2009లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ మొదలైంది. ముస్లింలతో సహా మైనారిటీ విద్యార్థులకు ఎంఫిల్, పీహెచ్‌డీ కాలంలో అది ఆసరా ఇచ్చింది. ఇతర పథకాలతో కలిసిపోతున్నదన్న కారణం చూపి 2022 డిసెంబరులో దాన్ని నిలిపివేస్తున్నట్లు కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో ప్రకటించింది. ఒక విద్యార్థి రెండు ఫెలోషిప్‌లు తీసుకోకుండా చూడడానికి నియమం చాలు. పథకాన్నే ఎత్తివేయనవసరం లేదు. ఆ ఫెలోషిప్‌ను పునరుద్ధరించాలన్నది మన న్యాయమైన కోరిక. దాన్ని అడుగుతూనే ఉండాలి. అది వచ్చేదాకా చదువు ఆపుకొని కూర్చోవడం మాత్రం, మూసిన తలుపుకు మనమే బయట నుంచి గొళ్ళెం పెట్టుకోవడమవుతుంది.

ఆ తండ్రికి జవాబు

ఇప్పుడు ఆ వెల్డింగ్ మేస్త్రీ గారి ప్రశ్నకు వద్దాము. పరిశోధన అంటే ఐదేళ్ళు ఫీజు కట్టడమని ఆయన అనుకుంటున్నారు. చాలామంది అట్లాగే అనుకుంటారు. ఐఐటీ వంటి కేంద్ర సంస్థలో పూర్తికాలపు పరిశోధక విద్యార్థిగా ఫెలోషిప్‌తో చేరితే, 2023 నుంచి అమలైన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆపై 42,000 రూపాయలు వస్తాయి. ఐదేళ్ళకు లెక్కగడితే 24 లక్షలు. ఇందులోంచి ఫీజు, హాస్టలు, భోజనం పోతాయి. ధనవంతుణ్ణి చేసే డబ్బు కాదు. అయినా నెలనెలా కొంత ఇంటికి పంపవచ్చు. కొడుకు ఐదేళ్ళు ఇంటికి భారమవుతాడన్న భయానికి మాత్రం ఆధారం లేదు.

కష్టాలు దాచిపెట్టము. ఫెలోషిప్ డబ్బు ఆలస్యమయ్యే నెలలుంటాయి. ప్రయోగం ఏడాది పాటు ఫలించకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన స్నేహితుడు కారు కొన్న రోజున మనసు చలిస్తుంది. పరిశోధన మధ్యలో వదిలివేసేవారూ ఉన్నారు. ఇప్పుడే ఇంటి అవసరం తప్పనిసరైతే రెండు మూడేళ్ళు ఉద్యోగం చేసి, చెల్లెలి నికాహ్ జరిపించి, ఆ తర్వాత రావచ్చు. రాజ్ రెడ్డి గారు వచ్చినట్లే. అయితే ఆ తేదీ ఇంట్లో అందరికీ తెలిసేట్లు గోడ మీద రాసి పెట్టుకోవాలి. లేకపోతే ఉద్యోగమే జీవితమైపోతుంది.

అసలు ఇబ్బంది ఐదేళ్ళలో లేదు. బీటెక్ పూర్తయిన రోజుకూ మొదటి ఉపకారవేతనం చేతికందిన రోజుకూ మధ్య ఉన్న ఏడాదిలో ఉంది. గేట్‌కు చదవడం, దరఖాస్తుల రుసుము, ఇంటర్వ్యూలకు రైలు ఛార్జీలు, చేరిన నెలలో కట్టవలసిన ఫీజు. ఆ ఏడాదిని ఒంటరి కుటుంబం దాటలేదు, సమాజం దాటించగలదు. వడ్డీ లేని అప్పు, ఖర్జె హసనా, మనకు కొత్త మాట కాదు. పెళ్ళిళ్ళ విందులకు పెట్టే ఖర్చులో కొంత భాగం తీసి పేటకొక నిధిగా పెడితే, ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలను ఆ ఏడాది దాటించవచ్చు. తీసుకున్న పిల్లవాడు ఫెలోషిప్ వచ్చాక తిరిగి కడతాడు. అది మరొకరికి వెళుతుంది.

అబ్దుల్ కలాం గారి కథ మనందరికీ తెలుసు. మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చినప్పుడు ఆయన ఇంట్లో ప్రవేశ రుసుముకు వెయ్యి రూపాయలు లేవు. అక్క జొహ్రా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టి తమ్ముణ్ణి చేర్పించారు. రాకెట్ల గురించి దేశమంతా చెప్పుకుంటుంది. ఆ గాజుల గురించి మనం చెప్పుకోవాలి. ఇంకొక మాట కూడా అడుగుకోవాలి: ఆ ఇంట్లో సీటు వచ్చినది జొహ్రాకైతే గాజులు తాకట్టు పెట్టేవారెవరు? ఈ సభలో వెనుక వరుసల్లో కూర్చున్న మా బిడ్డలను చూస్తూ ఈ ప్రశ్న అడుగుతున్నాము. ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చినా హాస్టలుకు పంపడానికి ఇష్టపడని ఇళ్ళు మాకు తెలుసు. ఆమె భద్రత గురించి అడగండి, వెళ్ళి చూసి రండి, వార్డెనుతో మాట్లాడండి. అంతేగాని వద్దని అనకండి.

సభ ముగిసేలోగా మూడు పనులకు మీ సమ్మతి కోరుతున్నాము. ఈ వేసవి నుంచే లెక్కల సాయంత్ర తరగతులు మొదలుపెట్టాలి. బీటెక్ చివరి రెండేళ్ళలో ఉన్న మన పిల్లల పేర్లు రాసుకొని, గేట్ తేదీలు, కులపత్రాలు, ఆదాయ పత్రాల సంగతి ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి చెప్పే నలుగురు కావాలి. ఖర్జె హసనా నిధికి ఈరోజే ఒక లెక్కల పుస్తకం తెరవాలి.

ఆ మేస్త్రీ గారు ఈ సభకు వచ్చి, తలుపు దగ్గర నిలబడే ఉన్నారు. అయ్యా, మీ ఇల్లు ఐదేళ్ళు ఎవరు నడుపుతారని అడిగారు. చాలావరకు మీ అబ్బాయి ఫెలోషిప్పే తోడుంటుంది. ఆ మొదటి ఏడాది మాత్రం మేము తోడుంటాము. ఆ మాట ఈ సభ సాక్షిగా చెబుతున్నాము. లెక్కల పుస్తకంలో మొదటి పేరు మీ అబ్బాయిదే రాయమని నిర్వాహకులను కోరి, సెలవు తీసుకుంటున్నాము.